గోడమీది సున్నా

పెద్ద వరద వచ్చి పోయిన నాలుగో ఏడు. నది పక్క పంపుహౌసులన్నిటికీ కొత్త కంట్రోలు పెట్టెలు బిగించిన ఏడు కూడా అదే.

మంగళవారం వానలో, మధ్యాహ్నం రెండూ పదికి పల్లపు వీధి పంపు ఆగింది. రెండూ యాభై ఒకటికి మళ్ళీ తిరిగింది. ఆ నలభై ఒక్క నిమిషాల్లో రైలు వంతెన కింది దారి నిండిపోయి, ఒక ట్రాలీ డ్రైవరు బండిలోనే చనిపోయాడు. బుధవారం పంపు ఆపరేటర్ని లాకప్పులో వేశారు. గురువారం పొద్దున్న తొమ్మిది కాకముందే అతని భార్య మా గుమ్మంలో నిలబడింది. ఆమె తండ్రీ నేనూ ఒకే బాయిలర్ దగ్గర పదకొండేళ్ళు పనిచేశాం. ఆ తర్వాతే నేను డిటెక్టివ్ పనిలోకి వచ్చాను.

"బాబాయ్, సాయంత్రం అయిదింటికి బీమా వాళ్ళ ఇన్వెస్టిగేటరు రిపోర్టు ఇచ్చేస్తాడట. అది చేతికి రాగానే ఆయన్ని కోర్టుకి తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి జైలుకి."

"సరే" అన్నాను.

"సరే అంటే ఏంటి బాబాయ్? వెళ్తావా, వెళ్ళవా?"

చెప్పులు వేసుకున్నాను.

"ఆ మాట నోటితో చెప్పొచ్చుగా" అంటూ ఆమె గొడుగు అందించింది.

తొమ్మిదీ నలభైకి లాకప్పు కటకటాల ముందు ఉన్నాను. ఆపరేటర్ కాళ్ళ మీద ఎండిన బురద ఇంకా అట్లాగే ఉంది. ఎవరూ కడుక్కోనివ్వలేదు.

"వైరు పీకావా?"

"పంపు మోత పడలేక వైరు పీకి నిద్రపోయానంట మావయ్యా. ఇరవై ఏళ్ళుగా ఆ మోతలోనే నిద్రపోతున్నా. మోత ఆగితేనే నాకు మెలకువ వచ్చేది."

"ఆగినప్పుడు నీళ్ళ లోతు మీటరు ఎంత చూపించింది?"

"సున్నా. కిటికీలోంచి చూస్తే నడుం లోతు నీళ్ళు. మీటరు చూస్తే సున్నా. చేత్తో ఆన్ చేశా. నిమిషం తిరగ్గానే పెట్టె మళ్ళీ ఆపేసింది. ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు. చివరికి సెన్సరు గొట్టంలోకి దిగి, చేతులతో బురద తీశా. అప్పుడు అంకె వచ్చింది, పంపు తిరిగింది."

"రాశావా?"

"లాగ్ బుక్కులో రాశా. రెండూ పది, మీటరు సున్నా. రెండూ పద్నాలుగు, చేత్తో ఆన్. రెండూ పదిహేను, మళ్ళీ ఆగింది. అదంతా తర్వాత కూచుని అల్లిన కథ అంటున్నారు."

లాగ్ బుక్కు సబ్ ఇన్‌స్పెక్టరు బల్ల మీద ఉంది. అడిగి చూశాను. రెండూ పది దగ్గర అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. రెండూ ముప్పై దగ్గరికి వచ్చేసరికి పేజీ తడిసి, బురద వేలిముద్ర పడి ఉంది. తర్వాత కూచుని రాసేవాడు చేతులు కడుక్కుని రాస్తాడు.

పదకొండింటికి ఆ పెట్టెల కంపెనీ మెట్లెక్కాను. పైన నాకంటే ముందే వచ్చి కూచున్నాడు బీమా ఇన్వెస్టిగేటరు. ఆయన కార్డు మీద పేరు కంటే డిగ్రీలే ఎక్కువ చోటు తింటాయి. మూడు. అందుకే స్టేషన్లో అందరూ ఆయన్ని మూడు డిగ్రీలాయన అంటారు.

"రండి మూగాయనా. మీరు చదివింది మూడో తరగతి, నావి మూడు డిగ్రీలు. ఇద్దరిదీ మూడే, చూశారా" అన్నాడు.

 గది చూశాను.

అయిదు బల్లలు. మూలగా అద్దాల క్యాబిన్. క్యాబిన్‌లో బల్ల కింద చిన్న ఫ్రిజ్జంత యంత్రం ఒకటి ఉంది, బయటికి వినపడేంత హోరు. ఎదురుగోడ మీద తెల్లబోర్డు. బోర్డు మధ్యలో జానెడు ఎత్తు సున్నా. దాని పక్కన అద్దం కట్టించిన సర్టిఫికెట్టు.

టీం లీడు క్యాబిన్‌లోంచి వచ్చింది. నలభై దాటిన మనిషి. మెడలో తాళం కార్డు వేలాడుతోంది. నిద్ర లేదని కళ్ళు చెబుతున్నాయి.

"ఈ సున్నా ఏంటమ్మా?"

"వార్నింగుల లెక్క సార్."

"నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

 "పెట్టెలో అన్నిటికంటే అడుగున ఉండే ప్రోగ్రాంని కెర్నెల్ అంటాం. పంపు, గేటు, మీటరు, అన్నీ దాని మీదే నిలబడతాయి. మేం రాసింది కంపైలర్ చదివి యంత్రానికి అర్థమయ్యేట్టు మారుస్తుంది. చదివేటప్పుడు అనుమానం వస్తే చెప్తుంది. పని ఆపదు, చెప్తుంది అంతే. అదే వార్నింగ్. ప్రతి శుక్రవారం మొత్తం తుడిచేసి మొదటినుంచి బిల్డు చేస్తాం. ఎన్ని వచ్చాయో బోర్డు మీద రాస్తాం."

"మొదటినుంచి ఎందుకు?"

"మారని ఫైలుని అది మళ్ళీ చదవదు సార్. చదవకపోతే గొణగదు. అందుకని."

"తుడిచి చెయ్యడానికి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"ఇప్పుడు చెయ్యి. ఆ బల్ల మీద."

కిటికీ పక్క ఖాళీ బల్ల చూపించాను. మూడు డిగ్రీలాయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "వంట ఎట్లా అవుతుందో చూడ్డానికి వచ్చారా? ఆపరేటరు వైరు పీకాడు. పెట్టె మెమరీలోనే ఉంది, నీళ్ళు సున్నా అని. నడుం లోతు నీళ్ళుండగా సున్నా ఎట్లా వస్తుంది, ఎవడో పీకితే తప్ప?"

"నాదీ అదే ప్రశ్న" అన్నాను.

ఆమె ఆ బల్ల మీది యంత్రంలో బిల్డు మొదలుపెట్టింది. నా చేతి వాచీలో పదకొండూ పాతిక. తెర మీద పేర్లు పైకి పాకడం మొదలైంది. ఆ బల్ల ఎవరిదని అడిగాను.

"మీసాలాయనది. రెండు నెలల కిందట మానేశారు."

"సున్నాకి ముందు బోర్డు మీద ఎంత ఉండేది?"

"ఏడాది మొదట్లో రెండువందల పద్నాలుగు. అందరం కూచుని ఒక్కొక్కటే దించాం." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె వీపు కాస్త నిటారయింది. "చివరికి ఒకటి మిగిలింది."

"ఎన్నాళ్ళు మిగిలింది?"

ఆమె బోర్డు వైపు చూసింది. "మూడు వారాలు."

"చూపించు."

ఆమె తెర మీద ఒక వరుస తెచ్చింది. నాకు ఆ రాత చదవడం రాదు. వేలు పెట్టి చెప్పమన్నాను.

"ఇది గడి అనుకోండి. సెన్సరుని అడిగితే జవాబుగా వచ్చిన అంకె ఈ గడిలో పడుతుంది. సెన్సరు పలక్కపోతే ఏమీ పడదు. ఏమీ పడని గడిని కింది వరుసలో చదువుతున్నావు, చూసుకో అని కంపైలర్ వార్నింగు."

"ఇప్పుడు అనడం లేదే?"

"గడిలో ముందే సున్నా పెట్టేశారు. ఖాళీగా లేదు కనక అనదు."

గదిలో మిగిలిన నలుగురూ టైపు కొట్టడం ఆపేశారు. బాయిలర్ రోజుల్లో ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. ఈల చెవులు తినేస్తోందని ఈల గొట్టంలో గుడ్డ కుక్కాడు. ఈల ఆగింది, ఆవిరి ఆగలేదు. ఈమె చూపించిన వరుస చూస్తే నాకు ఆ గుడ్డ గుర్తొచ్చింది.

"అంటే సెన్సరు మూగబోతే..." అన్నాను.

"నీళ్ళు సున్నా అనుకుంటుంది" అంది ఆమె.  "పంపు ఆపేస్తుంది."

మూడు డిగ్రీలాయన కుర్చీ ముందుకి జరిపాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. అర్థం కావడానికి నాకంటే తక్కువసేపు పట్టింది.

"ఎవరు పెట్టారు ఆ సున్నా?"

ప్రతి మార్పు పక్కనా పేరూ తేదీ టైమూ పడతాయట. ఆమె చూపించింది. మీసాలాయన. శుక్రవారం, సాయంత్రం నాలుగూ నలభై ఒకటి.

"అయిపోయింది" అన్నాడు మూడు డిగ్రీలాయన, జేబులోంచి పెన్ను తీస్తూ. "వైరు పీకినవాడు ఒకడు, సున్నా పెట్టినవాడు ఇంకొకడు. రెండో పేరు కూడా రిపోర్టులో చేరుస్తాను. ఇద్దర్నీ ఒకే బండిలో ఎక్కించొచ్చు."

"మొదటివాణ్ణి తీసెయ్యి. బురద చాలు, వైరు పీకక్కర్లేదు."

"బురద అని ఎవరన్నారు? ఆపరేటరే కదా. పీకినవాడు పీకానంటాడా? అయిదింటికి రిపోర్టు వెళ్తుంది. రాయడం రానివాళ్ళకి రిపోర్టులో పేరు తీసెయ్యడం తేలిగ్గానే కనిపిస్తుంది."

నేను మెట్లు దిగాను. తెర మీద బిల్డు ఇంకా సగంలో ఉంది.

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు మీద మోచెయ్యి ఆనించి రేడియో వింటున్నాడు. ఎగువన వాన ఆగలేదట. నది ఎంత పెరిగిందో చెబుతున్నారు.

"మీసాలాయన వెళ్ళిన టైమా? ఏ శుక్రవారం పెద్దాయనా? ఆయన నెలకి నాలుగు శుక్రవారాలు వెళ్ళాడు."

తేదీ చెప్పాను. పేజీలు తిప్పాడు.

"ఇదిగో. మూడూ పది. బయటికి. కారణం, పాప స్కూల్లో మెట్ల మీంచి పడింది. నాకు గుర్తే, వానలో గొడుగు లేకుండా పరిగెత్తాడు. నా గొడుగు ఇస్తే తీసుకోలేదు. సోమవారం వచ్చి థాంక్స్ చెప్పాడు. తీసుకోని గొడుగుకి థాంక్స్ చెప్పినవాణ్ణి ఆయన్నే చూశా."

"మళ్ళీ లోపలికి?"

"ఆ గడి ఖాళీ. రాలేదు. రాకుండా వచ్చాడని నేను రాయను పెద్దాయనా, నా ఉద్యోగమే అది."

"ఎందుకు మానేశాడు?"

వాచ్‌మన్ రేడియో తగ్గించాడు. "ఆ సోమవారమే పైన కేకలు వినిపించాయి. నా పేరు ఎవరు వాడారు అంటున్నాడు. మంగళవారం డబ్బా సర్దుకుని దిగిపోయాడు. నాతో ఒకటే అన్నాడు, ఈ ఇంట్లో కుక్క మొరిగితే దొంగని చూడరు, కుక్క మూతి కడతారు అని."

రిజిస్టరు చంకలో పెట్టుకుని పైకి ఎక్కాను. మెట్ల మీద రెండుసార్లు ఆగాను. కిటికీ బల్ల దగ్గరికి చేరేసరికి తెర ఆగింది. పన్నెండూ ఆరు. నలభై ఒక్క నిమిషాలు.

రిజిస్టరు మూడు డిగ్రీలాయన ముందు పెట్టాను.

ఆయన చదివి పక్కకి నెట్టాడు. "ఇంటినుంచి చేసి ఉంటాడు."

"కుదరదు సార్" అన్నాడు బల్లల దగ్గర్నుంచి ఒకతను, తల ఎత్తకుండా. "ఈ యంత్రాలకి బయటి లైను లేదు. కెర్నెల్ పని గదిలోనే."

"మరి పేరు ఆయనది ఎట్లా పడింది?"

"పేరు మనం ఏది పెట్టుకుంటే అది పడుతుంది సార్. గదిలో ఉన్నవాళ్ళెవరైనా ఎవరి పేరైనా పెట్టొచ్చు."

"అయితే ఈ అయిదుగురిలో ఎవరో తేల్చేసరికి మీ ఆపరేటరు జైల్లో ముసలాడవుతాడు" అన్నాడు మూడు డిగ్రీలాయన నావైపు తిరిగి.

నేను గోడ దగ్గరికి నడిచాను. అద్దం కట్టించిన సర్టిఫికెట్టులో అంకెలు నాకు చదవడం వచ్చు. వార్నింగులు సున్నా. మొదటినుంచి చేసిన బిల్డు. పూర్తయిన టైము అదే శుక్రవారం నాలుగూ యాభై రెండు.

"సున్నా పెట్టింది నాలుగూ నలభై ఒకటికి. బిల్డు పూర్తయింది నాలుగూ యాభై రెండుకి. మధ్యలో పదకొండు నిమిషాలు. ఇక్కడ నలభై ఒకటి పట్టింది, అందరం చూశాం." వాచీ తీసి బల్ల మీద పెట్టాను. "పదకొండు నిమిషాల్లో వంట చేసే పొయ్యి ఈ గదిలో ఏది?"

  ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అద్దాల క్యాబిన్ వైపు, బల్ల కింద హోరెత్తుతున్న ఆ యంత్రం వైపు చూశారు. క్యాబిన్ తలుపు తాళం కార్డు ఒక్కటే. అది టీం లీడు మెడలో ఉంది.

ఆమె కుర్చీ లాక్కుని కూచుంది.

"తొమ్మిది నిమిషాలే పడుతుంది దాంట్లో" అంది. "మిగిలిన రెండు నిమిషాలు బిల్డు మొదలుపెట్టనా, సున్నా వెనక్కి తీసెయ్యనా అని చూస్తూ కూచున్నా."

మూడు డిగ్రీలాయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"మూడు వారాలు ఆ ఒక్కటీ గోడ మీద నిలబడింది సార్. రెండువందల పదమూడు తీసేశాం, ఒక్కటి. పై వాళ్ళు సున్నా ఉంటేనే పెట్టెలు బయటికి పంపుతామన్నారు. ఆయనేమో తియ్యనన్నారు. పక్కన రాసి పెట్టారు కూడా, సెన్సరు పలక్కపోతే ఏం చెయ్యాలో పంపుల వాళ్ళని అడగాలి, అడిగేదాకా ఇది ఉండాలి అని. ఆ వరుస కూడా తుడిచేశాను. సెన్సరు పలక్కపోవడం ఎప్పుడు జరుగుతుందిలే అనుకున్నా."

"ఆయన పేరెందుకు?"

"ఫైలు ఆయనది. నా పేరుంటే, నువ్వెందుకు ముట్టుకున్నావని అడుగుతారు."

"ఇది రాసి సంతకం పెడతావా అమ్మా?"

"పెడతాను. ఆ ట్రాలీ ఆయన ఫోటో పేపర్లో వచ్చిన దగ్గర్నుంచి నేను పడుకోలేదు."

తెల్లకాగితం తీసింది. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయింది. పెన్ను కాగితానికి ఆనే ఉంది, సిరా మచ్చ పెద్దదవుతోంది.

"ఏమైంది?"

"ఈ వరుస పంపుది కాదు సార్."

"మరి?"

"అందరిదీ. కెర్నెల్ కదా, అన్నిటికీ కింద. ఏ సెన్సరు అడిగినా ఈ గడిలోంచే వెళ్ళాలి." లేచి నిలబడింది. "నది నీళ్ళు ఊళ్ళోకి రాకుండా ఆపే గేటుకి కూడా మా పెట్టే ఉంది. గేటు ఎంత తెరిచి ఉందో చెప్పే సెన్సరు ఒకటుంది. అక్కడ సున్నా అంటే పూర్తిగా మూసి ఉందని. నది పెరిగితే పెట్టె గేటు మూసెయ్యాలి. ఆ సెన్సరుకి బురద పడితే..."

"మూసే ఉంది కదా అని ఊరుకుంటుంది" అన్నాను.

కింద వాచ్‌మన్ రేడియో ఇంకా మోగుతోంది. ఎగువ నీళ్ళు రేపు పొద్దున్న ఏడింటికల్లా ఊరి గేటుకి చేరతాయని చెబుతోంది.

"సరిచేసి పెట్టెలో ఎక్కించడానికి ఎంతసేపు?"

"ఏం చెయ్యాలో తెలిస్తే ఒక్క రోజు. తప్పు ఎక్కిస్తే ఇంతకంటే ఘోరం."

"చేత్తో మూసే చక్రం లేదా ఆ గేటుకి?" మూడు డిగ్రీలాయన అడిగాడు. గొంతులో వెటకారం లేదు.

"ఉంది. కొత్త పెట్టె పెట్టాక గొలుసు వేసి తాళం పెట్టారు. అంతకుముందు ఆ గేటు పంపు ఆపరేటర్లే చూసేవాళ్ళు. దాన్ని తిప్పడం తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు" అన్నాను. "లాకప్పులో ఉన్నాడు."

ఆయన నావైపు తిరిగాడు. 

"గేటులోంచి నది లోపలికి వస్తే నీళ్ళు మొదట ఏ వైపు వెళ్తాయి?"

"బట్టల మిల్లు వెనక వీధులు."

"మా అమ్మ ఉండేది అక్కడే" అన్నాడు. లీడు రాసిన కాగితం తీసుకుని మడవకుండా ఫైల్లో పెట్టుకున్నాడు. అంతకుముందు రాసిన రిపోర్టు రెండుగా చింపాడు. "పదండి స్టేషన్‌కి. మీరు మాట్లాడరు, నేనే మాట్లాడాలి."

ఆయన మాట్లాడాడు. నేను బెంచీ మీద కూచున్నాను. నాలుగూ పదికి సబ్ ఇన్‌స్పెక్టరు తాళం తీశాడు. మూడు డిగ్రీలాయన పూచీకత్తు కాగితం మీద సంతకం పెట్టి, కింద మూడు డిగ్రీలూ రాయబోయి, ఒకటి రాశాక ఆపేశాడు. ఆపరేటర్ బయటికి వస్తూనే కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. అతని భార్య కుళాయి తిప్పి పట్టుకుంది.

ఊళ్ళో నిలిచిన నీళ్ళు రాత్రంతా నదిలోకి పోనిచ్చి, మర్నాడు పొద్దున్న అయిదున్నరకి గేటు గదిలో ఉన్నాం. నేనూ, ఆపరేటరూ, లీడూ. తెర మీద అంకె వెలుగుతోంది. సున్నా. మూసి ఉంది. కింద చూస్తే గేటుకీ నేలకీ మధ్య మూరెడు సందు. అందులోంచి ఎర్రనీళ్ళు లోపలికి దూకుతున్నాయి.

గొలుసు తాళం తుప్పు పట్టింది. రాయితో కొట్టాను, రెండో దెబ్బకి ఊడింది. ఆపరేటర్ చక్రం పట్టుకున్నాడు. అది మొదట కదల్లేదు. నేనూ చెయ్యి వేశాను. కదిలింది. నూట అరవై చుట్లు తిప్పాలన్నాడు. లెక్క నేను పెట్టాను. ఎనభై దగ్గర నా అరచెయ్యి చీలింది, గుడ్డ చుట్టుకున్నాను. నూట పది దగ్గర లీడు నన్ను పక్కకి జరిపి తను పట్టుకుంది.

తిప్పుతూ తిప్పుతూ అడిగింది. "అన్నా, సెన్సరు పలక్కపోతే పెట్టె ఏం చెయ్యాలి?"

ఆపరేటర్ ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు.

"పలక్కపోతే నీకు తెలీదు కదమ్మా. తెలీనప్పుడు అంకె చెప్పకూడదు. పంపు తిరుగుతుంటే తిరగనివ్వాలి, గంట కొట్టాలి. నేను వచ్చి చూసుకుంటా."

"అంతేనా?"

"అంతే. ఇది అడగడానికి ఎవరూ రాలేదే అనుకునేవాణ్ణి."

నూట అరవై. చక్రం ఆగింది. కింద నీళ్ళ చప్పుడు తెగిపోయింది. గేటు అవతల నది ఎక్కుతోంది, ఇవతల నేల కనిపిస్తోంది. తెర మీద అంకె మాత్రం మారలేదు. పొద్దుటినుంచీ సున్నాయే.

గేటు గది లాగ్ బుక్కు తెరిచి, ఆపరేటర్ చెప్పిన మాట చెప్పినట్టే రాశాను. అక్షరాలు పెద్దవి నావి, పేజీ మొత్తం పట్టింది. పక్కన టైము వేశాను. ఆరూ ఇరవై రెండు.